సముద్రంలో ముప్పై ఏడు డిగ్రీలు

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు భయం వేయదు, చిరాకు వేస్తుంది. కళింగపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. సముద్రంలో పోయినవాళ్ళు పిలుస్తారనీ, ఒడ్డున ఎవరో నడుస్తారనీ చిన్నప్పటి నుంచి వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. "సరే, చూపించండి" అంటే ఒక్కరూ చూపించలేదు. అలా అడిగినందుకు అమ్మ చేత తిట్లు తిన్న రకం నేను. ఇది చదివి మీరు నమ్మకపోయినా ఏమీ అనుకోను. వేరేవాళ్ళు రాసి ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

విజయనగరం దగ్గర ఒక యూనివర్సిటీలో స్పేస్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ చదివాను. రాకెట్లు తయారు చేస్తానని ఊళ్ళో అందరూ అనుకుంటారు. కాదు. ఒకరు బ్యాటరీ చేస్తారు, ఒకరు రేడియో చేస్తారు, ఇంకొకరు పారాచూట్ కుడతారు. అవన్నీ కలిసి పనిచేస్తాయా, ఏది పాడైతే ఏమవుతుంది అని ముందే ఆలోచించి అందరి ప్రాణాలూ తోడెయ్యడం మా పని.

"అంటే ఏటే గుంటా, నువ్వేటీ సెయ్యవు, సేసినోళ్ళని పోరు పెడతావు. దానికో సదువా?" అనేవాడు మా బావ.

బావ అంటే మా లక్ష్మక్క మొగుడు, నూకరాజు. నాన్న పోయాక వేటకి వెళ్ళి నన్ను చదివించింది బావే. ఎదురుగా అలా ఏడిపించేవాడా, టీ కొట్టు దగ్గరికి వెళ్తే మాత్రం "మా మరదలు ఆకాశంలోకి సామాన్లు పంపిస్తాది" అని ఒకటే గొప్పలు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకి మా జట్టు ఒక పెద్ద బెలూన్ ఎగరేసింది. దానికి ఒక థర్మాకోల్ డబ్బా కట్టి, దాదాపు ముప్పై కిలోమీటర్ల ఎత్తుకు పంపాలి. అంతరిక్షానికి పంపే పరికరాలు ఆ చలికి తట్టుకుంటాయో లేదో అక్కడ తేలుతుంది. బెలూన్ పగిలాక డబ్బా పారాచూట్‌తో కిందికి దిగుతుంది. తను ఎక్కడుందో, లోపల వేడి ఎంత ఉందో రేడియోలో చెబుతూనే ఉంటుంది. వేడి కొలవడానికి రెండు సెన్సర్లు పెట్టాం, దేని తీగలు దానివే. ఒకటి తప్పు చెబితే రెండోది పట్టిస్తుంది. రెండూ ఒకే అంకె చెబితే నమ్మి తీరాలి. మాకు మొదటి సంవత్సరం నుంచీ నూరిపోసిన పద్ధతి అది.

శృంగవరపుకోట దగ్గర మైదానంలో వదిలితే, చలికాలపు పడమటి గాలికి కళింగపట్నం ఎదురుగా సముద్రంలో పడుతుందని లెక్క తేలింది. దాన్ని తేవడానికి పడవ కావాలి. నేను అడగకముందే బావ తయారు. వలకు కట్టే బెండ్లు పట్టుకుని కాలేజీకి వచ్చి, డబ్బా చుట్టూ తనే బిగించి కట్టాడు.

"ఇది మునిగిపోతే నీకు మార్కులు పోతాయి. నాకు పరువు పోతాది," అన్నాడు. మా వాళ్ళందరూ పడీ పడీ నవ్వారు.

ఆ రోజు ఉదయం మా జట్టులో రేడియో చూసే డేవిడ్, మిగతావాళ్ళు శృంగవరపుకోటలో ఉన్నారు. నేను కళింగపట్నంలో అక్కావాళ్ళ డాబా మీద యాంటెన్నా, లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. బావ, అతని స్నేహితుడు అప్పన్న ఫైబర్ పడవ దించారు.

"బేగొచ్చేస్తాం. మీ అక్కని పులుసు పెట్టమను. నీ డబ్బాక్కూడా ఓ పళ్ళెం ఎయ్యమను," అని కింద నుంచి అరిచి వెళ్ళాడు బావ.

బెలూన్ బాగానే లేచింది. పైకి వెళ్ళేకొద్దీ డబ్బాలో వేడి తగ్గింది, సున్నా దాటి ఇంకా కిందికి వెళ్ళింది. అదీ మామూలే. గరివిడి దాటీ దాటకముందే సిగ్నల్ ఆగిపోయింది. డేవిడ్‌కి ఫోన్ చేస్తే తనకీ రావడం లేదన్నాడు. బ్యాటరీ పోయి ఉంటుందనుకున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఏడాది కష్టం బూడిదలో పోసినట్టయింది. ఇక వెనక్కి రమ్మందామని బావకి ఫోన్ చేశాను, కలవలేదు.

చాలాసేపటికి తెర మీద మళ్ళీ అంకెల వరుసలు రావడం మొదలైంది. చోటు చూస్తే సముద్రంలో, వంశధార సముద్రంలో కలిసే మొగకి దక్షిణంగా, బాగా లోపల. ఎత్తు సున్నా. అంటే డబ్బా నీటి మీద ఉంది. నేను డాబా మీద గెంతాను. తర్వాత వేడి చూశాను. ఒక సెన్సర్ ముప్పై ఏడు. రెండోదీ ముప్పై ఏడు.

అది కుదరదు. చలికాలం సముద్రం అంత వెచ్చగా ఉండదు. గడ్డకట్టే చలిలోంచి దిగిన డబ్బా అసలే ఉండదు. డేవిడ్‌కి చెప్పాను.

"ముప్పై ఏడా? ఎవడైనా చంకలో పెట్టుకున్నాడేంటి?" అని నవ్వాడు. "రెండు సెన్సర్లూ పోయుంటాయిలే, వదిలెయ్."

రెండూ పోతే రెండూ ఒకే అంకె ఎలా చెబుతాయని వాదిస్తూ ఉన్నాను. అంతలో ఒడ్డున అరుపులు వినిపించాయి.

కిందికి పరుగెత్తాను. అప్పన్నని వేరే పడవవాళ్ళు మోసుకొచ్చారు. మొగ దగ్గర కెరటం లేచి పడవ తిరగబడిందట. అప్పన్న ఒక తాడు దొరికి పట్టుకున్నాడు. బావ మళ్ళీ పైకి తేలలేదు. అక్క ఇసకలో కూలబడిపోయింది.

మా చిన్నాన్న ఊళ్ళో పడవలన్నీ దింపించాడు. ఆ నెలలో నీళ్ళు ఉత్తరానికి లాగుతాయి, మొగ దగ్గర పడ్డ మనిషి ఉత్తరానికే పోతాడు. అది పసిపిల్లలకైనా తెలుసు. అందరూ ఉత్తరానికి బయల్దేరుతున్నారు. అప్పుడు డేవిడ్ అన్న మాట నా చెవిలో మోగింది. చంకలో పెట్టుకున్నాడేంటి అన్నాడు కదా. ముప్పై ఏడంటే జ్వరం లేని మనిషి ఒంటి వేడి.

చిన్నాన్న చెయ్యి పట్టుకున్నాను. "చిన్నాన్నా, ఒక్క పడవ దక్షిణానికి పంపు. డబ్బా అక్కడ చూపిస్తోంది. బావ అక్కడున్నాడేమో."

"డబ్బానా?" చిన్నాన్న చెయ్యి విదిలించుకున్నాడు. "సిగ్గు నేదే నీకు? మనిషి కనిపించక మేం సస్తుంటే, నీ మార్కుల కోసం డబ్బా తెమ్మంటావా?"

"డబ్బా కోసం కాదు చిన్నాన్నా, ఒట్టు!"

"నోర్ముయ్యి! నీళ్ళు అటు పోతుంటే ఆడు ఇటెలాగొస్తాడు?"

ఏమని చెప్పను? తెర మీద అంకె ఉంది, అది బావ ఒంటి వేడి అని చెప్పనా? నేనే నమ్మని మాట ఎదుటివాళ్ళ చేత ఎలా నమ్మించను? అయినా మిగతావాళ్ళందరినీ బతిమాలాను. ఒక్కొక్కరూ మొహం తిప్పుకున్నారు. పోలీసులకి ఫోన్ చేస్తే పడవ పంపుతున్నామన్నారు. అది ఎప్పటికి వస్తుందో ఎవరికీ తెలియదు. నాకు ఈత వచ్చు, కానీ అంత దూరం ఎవరు ఈదగలరు?

డాబా ఎక్కాను. పడవలు ఉత్తరాన కనుమరుగయ్యేదాకా అంకె ముప్పై ఏడు దగ్గరే ఉంది. మధ్యాహ్నం అయ్యాక ముప్పై ఆరు అయింది. చాలాసేపు అక్కడే ఆగింది. తర్వాత ముప్పై అయిదు.

పిచ్చిదానిలా తెర మీద రెండు అరచేతులూ ఆనించాను. "ఆగు బావా, ఆగు, వస్తున్నారు," అని అరిచాను. ఎవరూ రావడం లేదని నాకు తెలుసు. ముప్పై మూడు. ముప్పై ఒకటి. రెండు సెన్సర్లూ తోడుగా దిగాయి, ఒక్కసారి కూడా తేడా రాలేదు. నాలుగేళ్ళు చదివిన చదువు ఆ అంకెలు చదవడానికి తప్ప ఇంక దేనికీ పనికి రాలేదు. చివరికి ఇరవై ఆరు దగ్గర నిలబడిపోయింది. ఆ రోజు సముద్రపు నీళ్ళ వేడి కూడా అంతే.

పొద్దు వాలుతుంటే చిన్నాన్న పడవ ఉత్తరం నుంచి ఖాళీగా తిరిగొచ్చింది. డాబా కింద నిలబడి, నా మొహం చూడకుండా, "ఎక్కడే అది?" అన్నాడు. ఆయన ఫోన్‌లోనే చోటు పెట్టి ఇచ్చాను.

వెళ్ళారు. బావని తెచ్చారు. నేను చూపించిన చోటుకి కేకేస్తే వినపడేంత దగ్గర్లోనే ఉన్నాడట. బావని పడవలోకి ఎక్కించామని చిన్నాన్న ఫోన్ చేశాక తెర మీద ఇంకో వరుస రాలేదు.

"డబ్బా నేదే అక్కడ," అన్నాడు చిన్నాన్న ఒడ్డుకి వచ్చాక. మనిషి ఏడుస్తున్నాడు. "ఆడే ఉన్నాడు."

మర్నాడు నాకు ఫోన్ వచ్చింది. డబ్బా మీద నా నంబరు రాశాం. ఎవరో రైతు.

"అమ్మా, గరివిడి అవతల నుంచి మాటాడతన్నాను. నిన్న పొద్దున్న మీ డబ్బా మా జీడితోటలో పడిపోనాది. బాంబేమో అని ముట్టుకోనేదు. పోలీసులొచ్చి సూసి, నీకు ఫోన్ సెయ్యమన్నారు."

నిన్న పొద్దున్నే అన్నమాట. అంటే సముద్రంలోంచి సిగ్నల్ రాకముందే. డేవిడ్ వెళ్ళి తెచ్చాడు. డబ్బా రెండు ముక్కలైంది, బ్యాటరీ ఊడి పక్కన పడింది. బావ కట్టిన బెండ్లు మట్టి కొట్టుకుని ఉన్నాయి, ఉప్పునీటి జాడ లేదు.

మా ప్రొఫెసర్‌కి లాప్‌టాప్ ఇచ్చాం. ప్రతి వరుసలోనూ మా డబ్బాకి మేం పెట్టుకున్న గుర్తే ఉంది. ఇంకెవరి పరికరమో మా రేడియోలో కలిసిందన్నారు. ఆ గుర్తు ఎలా వచ్చిందని అడిగితే, సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా అయి ఉంటుందన్నారు. ఆ తేడాకి బావ ఉన్న చోటు ఎలా తెలిసిందని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన తప్పు లేదు, నేనైనా అంతే.

పడవ అంచు తలకి తగిలి, నీళ్ళలో పడగానే ప్రాణం పోయి ఉంటుందని ఆసుపత్రిలో చెప్పారు. బాధపడకుండా పోయాడు అని వచ్చినవాళ్ళందరూ అక్కని ఓదార్చారు. అక్క ఆ మాట పట్టుకునే నిలబడింది.

కర్మ అయిపోయి, ఆ అంకెల సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయాక, ఒక రోజు చేపలు ఆరబెడుతూ, నా వైపు తిరగకుండానే అడిగింది. "ఆ రోజు నువ్వు డాబా మీద సూస్తానే ఉన్నావు కదే. నిజం సెప్పు. ఆడు ఎంతసేపు ఎచ్చగా ఉన్నాడు?"

"అది బావ కాదే అక్కా. డబ్బా గరివిడిలో పడిపోయింది కదా," అన్నాను.

"నానడిగింది సెప్పు."

"వెంటనే చల్లబడిపోయిందే," అన్నాను.

అక్క తలూపి చేపలు తిరగేసుకుంది.

దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ ఆ రోజు మధ్యాహ్నం దాకా బావ మా కోసం ఎదురు చూశాడని నాకు తెలుసు. ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేను.