మా నడింటి షాబాదు బండ

ఆ రోజుల్లో రాయి కనబడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు అడగకుండా వదిలేదాన్ని కాదు. (రాళ్లు నయం, ఎదురు మాట్లాడవు.) జగిత్యాలలో డిగ్రీ చదువుతూ, జియాలజీలో రెండు పాఠాలు వంటబట్టగానే భూగోళమంతా నాకు అర్థమైపోయిందనుకున్నాను. మా సార్ ఒకసారి వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లి, నీళ్లు కలిపిన ఆసిడ్‌ను ఇసుకరాయి మీద చుక్క వేయించాడు. ఏమీ కాలేదు. "గది సిలికా, ఉలకదు పలకదు. సున్నపురాయి అయితే బుసబుస పొంగుతది" అన్నాడు. ఆ పొంగేదేదో చూడందే నాకు నిద్ర పట్టదు కదా! మిగిలిన ఆసిడ్ సీసాను అడిగి తీసుకుని, సిరిసిల్లలో మా ఇంటికి బస్సెక్కాను.

నాన్న సాంచాల మీద బట్ట నేసిన సంపాదనతో ఆ మధ్యే నడింట్లో షాబాదు బండలు పరిపించాడు. అమ్మ వాటిని ముఖం కనబడేలా తుడిచేది. నేను సరిగ్గా నడిమి బండ మీద ఒక్క చుక్క వేద్దామనుకుంటే, సీసా జారి సగం ఒలికింది. బుస్సుమని నురగ లేచింది. నేను చప్పట్లు కొట్టాను. అమ్మ చీపురుతో వచ్చింది. "నీ సదువు పాడుగాను! కొత్త బండ ఖరాబ్ జేస్తివి గదనే!" "సున్నపురాయే అమ్మా! కాల్షియం కార్బొనేట్! ఎన్నడో సముద్రం అడుగున పేరుకున్న బురద గట్టిపడి గిట్లయింది!"

సముద్రం అనగానే, మూలన తమలపాకుకు సున్నం రాస్తున్న మా నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమెకు ఉన్నది ఒకే కోరిక, సముద్రం చూడాలని. ఇంట్లో ఎవరికీ తీరక, ఆమె మోకాళ్లు సహకరించక అది వాయిదా పడుతూనే ఉంది. ఉద్యోగం రాగానే తీసుకెళ్తానని నేను మాట కూడా ఇచ్చాను. "ఏందే, మనింట్ల సముద్రమున్నదా? మరి శంఖాలేవి?" అంది. "అప్పటికి శంఖాలు పుట్టనే లేదు నాయినమ్మా, గంత పాతది. నీ చేతుల సున్నం గూడ గసుంటి రాయిని కాల్చిందే." "అయ్యో, గిన్నేండ్లసంది నేను సముద్రాన్నే తింటున్ననా!" అని నాయనమ్మ పడీపడీ నవ్వింది. అమ్మకూ నవ్వాగలేదు. నా వీపు బతికిపోయింది. ఆసిడ్ మచ్చ మాత్రం తెల్లగా ఉండిపోయింది. అప్పట్నుంచి నాయనమ్మ మధ్యాహ్నాలు చాపైనా వేసుకోకుండా దాని పక్కనే పడుకునేది.

తీరా నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చేసరికి ఆమె మంచం దిగలేని స్థితిలో ఉంది. బీచిలో నిలబడి వీడియో కాల్ చేశాను. మాట తప్పానన్న బాధతో ఏడుస్తూనే ఫోన్‌ను అలల వైపు తిప్పాను. నాయనమ్మ ఫోన్లో అలలను చాలాసేపు చూసింది. "గిది ఇంకా బండ గాలేదు బిడ్డా, పచ్చిగనే ఉన్నది. మనింట్లదే మంచిగున్నది. నువ్వు ఏడ్వకు" అంది.

ఆమె పోయాక, మొన్నీమధ్య ఇంటికి టైల్స్ వేయించాం. మేస్త్రీ పాత బండలన్నీ లేపుకుంటూ వచ్చి, మచ్చ ఉన్న బండలోకి గడ్డపార దింపబోయాడు. ఆనాడు నా మీదికి చీపురెత్తిన అమ్మే అడ్డం వచ్చింది. "గది ముట్టకు తమ్మీ. గది మా అత్తమ్మ సముద్రం" అంది.

ఇప్పుడు మా నడింట్లో నిగనిగలాడే టైల్స్ మధ్య మచ్చ పడ్డ బండ ఒకటుంది. ఇదేంటని ఎవరైనా అడిగితే, ఆ రోజుల్లోనైతే రసాయన సూత్రం నుంచి మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు కాసేపు దాని మీద కూర్చోమంటాను.