బ్రేకులకు ఇంజనాయిలు

నల్లమల, హార్స్‌లీ కొండలు, అరకు. ఈ మూడు చోట్లా కొండదారుల్లో తొక్కాలని నేనూ నా స్నేహితుడూ కారు వెనక గేర్ల సైకిళ్లు రెండు కట్టుకుని నరసరావుపేటలో బయలుదేరాం. మధ్యాహ్నానికి రెంటచింతలలో నా స్నేహితుడి పెదనాన్న ఇంట్లో భోంచేసి, ఎండకు జడిసి ఓ గంట నడుం వాల్చాం. అదే మేం చేసిన తప్పు. మా వైపు నిద్రపోయే చుట్టాన్ని లేపరు గానీ, అతని బండిని మాత్రం ఊరికే వదలరు.

లేచేసరికి పెదనాన్న సైకిళ్లు రెండూ కడిగేసి చేతులు తుడుచుకుంటున్నాడు.

"బ్రేకులు ఏందిరా అట్టా కీచుమంటన్నాయి? ఇంజనాయిలు పోశా. ఇప్పుడు చూడు, ఎంత తేలిగ్గా తిరిగిద్దో."

చక్రం నిజంగానే ఆగకుండా తిరిగింది. డిస్కు బ్రేకుకు చుక్క నూనె తగిలితే పట్టు పోతుందని, కడుపునిండా అన్నం పెట్టిన మనిషికి ఎలా చెప్పాలి? "చానా బాగుంది పెదనాన్నా" అన్నాను, సిగ్గులేకుండా.

ఊరు దాటాక సబ్బుతో కడిగినా పట్టు రాలేదు. మాచర్లలో నాలుగు కొట్లు తిరిగినా కొత్త బ్రేకు ముక్కలు దొరకలేదు. నల్లమల దారంతా సైకిళ్లను చేత్తో పట్టుకుని నడిచి దిగాం. మిగతా రెండు కొండలకూ దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాం.

దారిలో మళ్లీ ఆయన ఇంటి ముందే ఆగాల్సి వచ్చింది. పెదనాన్న చక్రం తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, తృప్తిగా తలాడించాడు.

"చూశావా, ఇన్ని కొండలు దిగొచ్చినా కిక్కురుమనట్లా."