వెనక గేటు దగ్గర కుర్చీ

బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలో మాస్టరంటే మాటలు కాదు. బట్ట మీద రంగు పిసరంత తేడా వచ్చినా ఇట్టే పసిగట్టేస్తాడు. మోచేతుల దాకా నీలం మరకలు. పెళ్ళి ఫోటోలోనూ అవే చేతులని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

పాత యజమాని పోయాక కూతురు పగ్గాలు పట్టింది. మాస్టరు ఎత్తుకుని ఆడించిన పిల్ల. వచ్చీ రాగానే తండ్రి కుర్చీని మేడమీది చల్లటి గదిలోంచి దింపించి, వెనక గేటు దగ్గర, మురుగుకాలవ పక్కన వేయించింది.

"కంపు కొడితే ముందు నాకే తెలియాలి బాబాయ్," అంది.

రంగునీళ్ళు శుద్ధి చేసే తొట్టెలు కట్టించింది. ఇకమీదట కాలవలోకి రంగు చుక్క కూడా రాదని వెనక వీధివాళ్ళకు మాటిచ్చింది. కాలవ అంచున ఉన్న బోరే ఆ వీధికి దిక్కు. మాస్టరు ఇల్లూ అక్కడే. ఆయన పైకి తలూపాడు గానీ, లోపల మాత్రం చిన్నపిల్ల ముచ్చట అనుకున్నాడు.

అంతలో పెద్ద ఆర్డరు వచ్చింది. అది పోతే ఫ్యాక్టరీ సగం మూతపడ్డట్టే. సరుకు పంపాల్సిన రోజునే తొట్టెలు నిండిపోయాయి. అవి ఖాళీ అయ్యేదాకా అద్దకం ఆపాలి. అమ్మాయేమో పనిమీద బయటికెళ్ళింది. నీళ్ళు నేరుగా కాలవలోకి పోయే పాత గొట్టం ఇంకా ఉంది. పిల్ల నిండా మునిగిపోతుందనే మాస్టరు దిగులు, అందులో అబద్ధం లేదు. గొట్టం తిప్పే ముందు భార్యకు ఫోన్ చేశాడు.

"ఇవాళ బోరు నీళ్ళు పట్టకు. ఎందుకని అడక్కు."

ఆవిడ అడగలేదు. పక్కింటి వదిన చెవిన వేసింది. ఇంకేముంది, అమ్మాయి తిరిగొచ్చేసరికి వీధి వీధంతా ఖాళీ బిందెలతో వెనక గేటు దగ్గరుంది. కాలవ ఎర్రగా పారుతోంది.

ఆమె గొట్టం మూయించింది, అద్దకం ఆపించింది. సరుకు ఆలస్యమవుతుందని కొనేవాళ్ళకు అందరి ముందే ఫోన్‌లో చెప్పింది. సగం ఆర్డరు అక్కడికక్కడే పోయింది. తర్వాత జనాన్ని ఇళ్ళకు పంపి, మంచినీళ్ళ క్యాన్లు తెప్పించింది. మాస్టరు పేరు మాత్రం ఎత్తలేదు.

"నీకోసమే చేశానమ్మా," అన్నాడాయన.

"తెలుసు బాబాయ్. పిన్నికి ఫోన్ చేశారటగా?"

"చేశాను."

"మరి మిగతావాళ్ళకో?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో మాస్టరు ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు. క్యాన్ల బండి వెనకే వస్తుంటే, చెరో క్యాను పట్టుకుని ఇద్దరూ వీధిలోకి నడిచారు. ప్రతి గుమ్మంలోనూ ఆమె ఒకటే చెప్పింది: తప్పు నాది, బోరు నీళ్ళు పరీక్ష చేయించేదాకా ఈ నీళ్ళే వాడండి.

మాస్టరు ఇల్లు వచ్చింది. భార్య గుమ్మంలోనే ఆపేసింది.

"మీ ఫోనుతో మనం ముందే జాగ్రత్తపడ్డాంగా. ముందు వాళ్ళకివ్వండి."

పక్కింటి తలుపు తెరుచుకుంది. అమ్మాయి నోరు తెరవబోతుంటే మాస్టరు ముందుకొచ్చి క్యాను గుమ్మంలో దించాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు.