కిటికీకి తడి గోనెపట్టా

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషిని. మా అత్తగారు పాపకి దిష్టి తీస్తుంటే పక్కన నిలబడి "ఉప్పు దండగ" అనే రకం. దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి. చెప్పకపోతే చేసిన మేలు మరిచిన దాన్నవుతానని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

మాది విజయవాడ. మా ఆయనకి జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాం. ఇల్లు వెతికేటప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే, ఏసీ ఉండాలి. నాగప్ప గారి మేడ మీద వాటాలో పడగ్గదికి ఏసీ బిగించి ఉంది. మారు మాట్లాడకుండా దిగిపోయాం.

ఇంటి ఓనరు నాగప్ప గారు కింద వాటాలో ఒక్కరే ఉండేవారు. భార్య పోయి చాలా ఏళ్లయింది. కూతుళ్లిద్దరూ పెళ్లిళ్లయి బీదర్ వైపు వెళ్లిపోయారు. ఆయనకి న్యాల్‌కల్ దగ్గర పొలం ఉంది, అల్లం వేస్తారు. పొద్దున్నే బండి మీద పోతే మళ్లీ చీకటి పడేవేళకే రావడం. మనిషి మంచివారే, కానీ ఏ పనైనా సరే ఆయనకి రేపే.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ఏసీ చచ్చింది. వేడిగాలి తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. మెకానిక్ వచ్చి, లోపల్నుంచి ఏదో విప్పుకుని, హైదరాబాద్‌లో బాగుచేయించి తెస్తానని పోయాడు. ఇక పత్తా లేడు. నేను రోజూ సాయంత్రం కాపు కాసి నాగప్ప గారిని పట్టుకునేదాన్ని.

"రేపు పక్కా వస్తడు బిడ్డా, ఫికర్ చెయ్యకు," అనేవారు.

ఒకరోజు మాత్రం ఆయన కూడా విసుక్కున్నారు. "మా కాలంల ఏసీలు ఉండెనా? మేం బతకలేదా?" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నెలాఖరుకి ఖాళీ చేస్తామని మొహం మీదే చెప్పి పైకి వచ్చేశాను.

ఆ వారంలోనే పాపకి జ్వరం వచ్చింది. అప్పటికి దానికి ఇంకా ఏడాది నిండలేదు. జ్వరం ఒక్కసారిగా ఎక్కి ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేసి, చేతులు బిగుసుకుపోయిన పిల్లని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఆసుపత్రికి ఎలా వెళ్లానో నాకు గుర్తు లేదు. డాక్టరు మందులిచ్చి ఇంటికి పంపుతూ, కొన్నాళ్లు జ్వరం రాగానే దింపేయాలని, పిల్లని వేడిలో అస్సలు ఉంచొద్దని మరీ మరీ చెప్పారు. బయటికొస్తే ఎండ నిప్పులు కురుస్తోంది. ఇంట్లో చూస్తే ఏసీ లేదు. ఆ స్థితిలో ఊరికి ప్రయాణం చేయించడానికి ధైర్యం చాలలేదు, చల్లటి ఇల్లు మరోటి వెంటనే దొరకలేదు.

ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం హాల్లో ఫ్యాను కింద పడుకోబెట్టాను. ఫ్యాను వేడిని తిప్పుతోందే కానీ చల్లదనం లేదు. పిల్ల ఒళ్లు మళ్లీ కాలుతున్నట్టు అనిపించి, తడిగుడ్డ కోసం పడగ్గదిలోకి వెళ్లాను. గది చల్లగా ఉంది. మబ్బు పట్టిన రోజులా మసక వెలుతురు. కిటికీకి బయటివైపు గోనెపట్టా వేలాడుతోంది, నీళ్లు కారేంత తడిగా.

తడి ఆరేటప్పుడు వేడిని లాగేస్తుంది. నేను క్లాసులో చెప్పే పాఠమే. కాబట్టి గది ఎందుకు చల్లబడిందో నాకు ఆశ్చర్యం లేదు. నాగప్ప గారు పిల్ల సంగతి తెలిసి, ఏసీ బాగుచేయించలేదన్న బాధతో ఇలా కట్టి వెళ్లారనుకున్నాను. పాపని తెచ్చి అక్కడ పడుకోబెడితే కాసేపటికే నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని ఏడ్చేశాను. అన్ని మాటలన్నా మనసులో పెట్టుకోకుండా ఆయన ఇంత చేశారే అని.

ఆ తర్వాత రోజూ అంతే. కాలేజీకి సెలవులు కాబట్టి నేను ఇంట్లోనే ఉండేదాన్ని. ఎండ చురుక్కుమనే వేళకి పట్టా తడిసి ఉండేది. కునుకు పట్టినప్పుడు చెంబు బకెట్టుకి తగిలిన చప్పుడు, పట్టా మీద నీళ్లు చల్లిన చప్పుడు వినపడేవి. ఓసారి "నాగప్ప గారూ" అని పిలిచాను, జవాబు లేదు. ఆయనకి చెవుడు కొంచెం ఉంది, వినపడలేదేమో అనుకున్నాను. నేనే తడుపుదామని నీళ్లు పట్టుకుని వెళ్తే అప్పటికే తడిసి ఉండేది.

ఏసీ గురించి మళ్లీ నోరెత్తలేదు. ఖాళీ చేసే మాటా మానేశాం. ఎదురుపడి చెప్పాలంటే మొహం చెల్లక, సేమ్యా పాయసం చేసి మా ఆయన చేత పంపాను. "ఎందుకు బిడ్డా గివన్ని," అని మర్నాడు ఆయన తల వంచుకునే అన్నారు. అదంతా మొహమాటమే అనుకున్నాను.

తొలకరి పడ్డాక, ఇక అవసరం లేని రోజుల్లో, నాగప్ప గారు మెకానిక్‌ని వెంటపెట్టుకుని వచ్చారు. పాప ఆయన పంచె పట్టుకుని నిలబడింది. జ్వరం మళ్లీ రాలేదు, ఫిట్స్ మళ్లీ రాలేదు. అప్పుడు ఉండబట్టలేక చేతులు జోడించాను.

"రోజూ వచ్చి ఆ పట్టా తడిపి నా బిడ్డని కాపాడారు. మీ మేలు ఎలా మర్చిపోతాను?" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశారు. "నేనెక్కడ తడిపిన బిడ్డా? మీరే కట్టుకున్నరనుకున్న. నా ఏసీ చెడిపోతే మీకు గిట్ల గోనెపట్టా గతి పట్టెనని సిగ్గై నీ మొకం చూస్తలే."

మా ఆయన వైపు చూశాను. తాను కాదని తల అడ్డంగా ఊపాడు. అతను ఉదయం షిఫ్టుకి పోయేవాడు. ఆ కిటికీ మెట్ల మలుపు వైపు ఉంటుంది. కోతుల బెడద వల్ల మెట్ల దారికి మొత్తం ఇనప జాలీ కట్టించి, కింద గేటు పెట్టారు. లోపల్నుంచి నేనే తాళం వేసేదాన్ని. నాగప్ప గారి దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుందనుకున్నాను. రెండూ మేం దిగిన రోజే మా చేతికిచ్చేశానన్నారు ఆయన.

ఆయన కిటికీ దగ్గరికి నడిచి పట్టాని చేత్తో తడిమారు. రెండు సంచులు కలిపి సుతిలి తాడుతో కుట్టి ఉన్నాయి. మేకు తగిలే మూలల్ని రెట్టింపు మడిచి కుట్టారు. ఆ కుట్టు వెంబడి వేలు పోనిచ్చారు.

"ఈ అర్రల ఇత్తనం అల్లం పోసేటోళ్లం," అన్నారు గదిలోకి చూపిస్తూ. "ఎండకు ఒడలొద్దని మా ఇంటామె సంగమ్మ కిటికీకి గిట్లనే పట్టా కట్టి, మాపటిదాంక తడుపుతుండె. ఈ కుట్టు ఆమెదే. ఆమె పోయినంక పట్టాలన్నీ పారేసిన బిడ్డా. నా చేతులతోనే పారేసిన."

మెకానిక్ పని ఆపేశాడు. నాగప్ప గారు మెట్టు మీద కూర్చుండిపోయారు.

"గిన్నేండ్లు కింద ఒక్కన్నే ఎండకు ఉడికిన. నా దిక్కు ఒక్కనాడు రాలే," అన్నారు. తర్వాత పాపని దగ్గరికి తీసుకుని తల నిమిరారు. "మంచిగ చేసింది. నాకంటె ఈ పిల్లకే అవసరం ఉండె."

పట్టాని జాగ్రత్తగా మడిచి ఆయనే కిందికి తీసుకెళ్లారు.

నేను ఊరుకోలేదు. కూతుళ్లకి ఫోన్ చేయించాను, ఆ ఎండాకాలం ఇద్దరూ ఇటు రాలేదు. గేటు తాళం పరీక్షించాను. జాలీలో మనిషి పట్టే సందు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఎవరో దారి చేసుకుని వచ్చారనే అనుకుందాం. అన్ని రోజులు నీళ్లు మోసి, ఒక్క మాట చెప్పకుండా పోయేది ఎవరు? ఇన్నేళ్లు చదివిన చదువు ఇక్కడ పనికి రాలేదు.

ఆ సాయంత్రం మెకానిక్ వెళ్లాక, పడగ్గది తలుపు వేసుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను. సిగ్గుగానే ఉంది. అయినా పైకే అన్నాను, "సంగమ్మ గారూ, నా బిడ్డని నిలబెట్టారు" అని. విన్నారో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. చెప్పకుండా ఆ గదిలో పడుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.