కొత్త ఇంజను, మేనమామ ఒడి

గుడివాడలో మా బావగారి గృహప్రవేశానికి వెళితే నా విస్తరి రెండో బంతిలో వేశారు. ఇల్లాలికి స్వయానా అన్నను. ఒంటి మీద ఖాకీ చొక్కా ఉందని, ఇటుకలు తోలిన లారీ డ్రైవర్ల పక్కన కూర్చోబెట్టారు. పప్పు చల్లారిపోయింది. గారెలు అయిపోయాయి. బావగారు చూసి కూడా ఏమీ అనలేదు. ఆయన నన్ను నువ్వు అంటాడు, నేను మీరు అంటాను. అది కూడా నేను మర్చిపోలేదు.

తర్వాత ఉప్పెన వచ్చింది. నా లారీ అవనిగడ్డ దగ్గర ఉప్పునీళ్ళలో మునిగింది. మనుషులే కొట్టుకుపోయిన చోట లారీ గురించి ఏడవడానికి నోరు రాలేదు. చాలాకాలం అది మా దొడ్లో తుప్పు పట్టింది. చివరికి బందరులో ఒక సాయిబు షెడ్డుకు చేర్చి, ఇంజను మొత్తం విప్పించి, కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు వేయించి కట్టించాను. ఈసారి ఇంజను పట్టేసి ఆగిపోతే నాకు ఇంక లారీ లేదు. ఇంకొకరి బండి తోలుకోవాల్సిందే.

షెడ్డు మేస్త్రి నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"కొత్త చెప్పులనుకోండి. మెల్లిగా నడిస్తే సాగుతాయి, పరిగెడితే పుండు పడుద్ది. స్పీడు ముప్ఫై దాటించొద్దు. ఫుల్లు లోడు వెయ్యొద్దు, అట్టాగని ఖాళీగానూ తోలొద్దు. ఖాళీగా తోలితే రింగులు కూర్చోవు, రేపు ఆయిలు తాగుద్ది. సగం లోడు, మెల్లని నడక. కొన్నాళ్ళు అంతే."

"మనుషుల్ని ఎక్కించుకోవచ్చా?"

"మనుషులైతే మరీ మంచిదండీ. బస్తాలకి నోరుండదు, మనుషులకి ఉంటది. అదొక్కటే ఇబ్బంది."

నేను మనుషుల సంగతి అడగడానికి కారణం ఉంది. మా చెల్లెలి కొడుక్కి మోపిదేవిలో పుట్టువెంట్రుకలు తీయించి చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించడం మా ఆనవాయితీ. ఆ పిల్లాడికి మేనమామను నేనొక్కణ్ణే. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో బావగారికి ఎక్కడా లారీ దొరకలేదు. దొరికి ఉంటే నా దగ్గరికి వచ్చేవాడు కాదు. వచ్చి అడిగాడు. ఇస్తానన్నాను. అద్దె మాట ఎత్తలేదు. రెండో బంతిలో కూర్చోబెట్టినవాడు నా లారీ ఎక్కుతున్నాడు, నాకు అది చాలు.

ఆరింటికల్లా బయల్దేరాలన్నాను. జడలు, పూలు, పొంగలి గిన్నెలు, మర్చిపోయిన పసుపు, దానికోసం వెనక్కి పరుగు. గుడివాడ దాటేసరికి ఏడు దాటింది. తొమ్మిదిలోపు చెవులు కుట్టాలి, ఆపైన దుర్ముహూర్తం. వెనక గడ్డి పరిచి జంపఖానాలు వేశాం. ఆయిలు అంటుకుంటుందని నా కొత్త కండువా తీసి చెల్లెలికి ఇచ్చాను. బావగారు నా పక్కన క్యాబిన్లో కూర్చున్నాడు.

పామర్రు దాకా బాగానే ఉంది. ఆ తర్వాత గతుకుల్లో ఇంకా మెల్లిగా పోతుంటే పాలక్యాన్ల సైకిలు ఒకటి మమ్మల్ని దాటింది. వెనక ఆడవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు.

"ఒరే అబ్బాయ్, ముందెళ్ళి సామికి చెప్పు, మేం వస్తన్నామని!" అని ఒక పెద్దావిడ సైకిలువాణ్ణి కేకేసింది.

బావగారు గడియారం చూసుకున్నాడు. "కొంచెం తొక్కు బావా."

"తొక్కకూడదండీ. రింగులు కొత్తవి."

"ఒక్క పావుగంట."

"ఒక్క నిమిషం కూడా కుదరదండీ."

"బేరం లోడైతే తొక్కేవాడివిలే," అన్నాడాయన.

ఆ మాట నాకు ఈనాటికీ గుర్తుంది. గతుకులు దాటి ముప్ఫైకి వచ్చిన బండిని పాతికకు దించాను. ఇంజను కోసం కాదు. కూచిపూడి దాటాక రోడ్డు పక్కన ఆపి, బానెట్ ఎత్తి, చెయ్యి పెట్టి వేడి చూశాను. వేడి ఏమీ లేదు. ఆయిలు పుల్ల తీసి తుడిచి మళ్ళీ చూశాను. అందరూ నన్నే చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి మోపిదేవి మీదుగా పోయే అవనిగడ్డ బస్సు వచ్చింది. బావగారు రోడ్డు మధ్యకు వెళ్ళి రెండు చేతులూ ఎత్తి ఆపాడు. గిన్నెలు, పిల్లలు, ముసలివాళ్ళు, పూలబుట్టలు అన్నీ నా లారీలోంచి దిగి బస్సులోకి ఎక్కాయి. కండక్టరు నా లారీ వెనక తలుపు మీద, కొత్త ఇంజనని తెలియడానికి మేస్త్రి సున్నంతో రాసిన 'రన్నింగ్ ఇన్' చదివి, "రన్నింగ్ అంటే ఇదా గురువుగారూ?" అన్నాడు. బస్సు మొత్తం నవ్వింది.

చెల్లెలు మెట్టు మీద నిలబడి పిలిచింది. "అన్నయ్యా, నువ్వూ రా. బండి ఎక్కడికీ పోదు. నీ ఒడి లేకుండా ఎట్టా?"

"బండి వదిలి రానమ్మా."

"పిల్లాడికి మేనమామవి కదా!"

"మీ ఆయన్ని అడుగు," అన్నాను.

బస్సు వెళ్ళిపోయింది. నేను ఖాళీ లారీలో మిగిలాను. ఖాళీగా తోలొద్దన్నాడు మేస్త్రి. ఆ గడియలో కూడా నాకు గుర్తొచ్చింది అదే. మినుము పీకడానికి నడిచిపోతున్న కూలీలు కనిపిస్తే ఆపాను.

"ఎంతయ్యా చల్లపల్లికి?" అని ఒకామె అడిగింది.

"ఊరికేనే. ఎక్కండి."

"పిచ్చోడిలాగున్నాడే," అంది పక్కావిడతో. అయినా ఎక్కారు. ఎక్కించుకోవడం, మళ్ళీ చేను చేనుకీ ఆపి దించడం. నాకు తొందర లేదనే అనుకున్నాను. చల్లపల్లిలో చివరి కూలీ దిగిపోయింది. పిల్లాడు నెత్తిన గంధంతో ఎవరి ఒళ్ళో కూర్చుంటాడో అప్పుడు ఊహించాను. అక్కడినుంచి తొక్కాను. నలభై దాటింది. ఎవరు అడిగినా తొక్కనివాణ్ణి, అడిగేవాళ్ళు లేనప్పుడు తొక్కాను.

మోపిదేవి చేరేసరికి పది దాటింది. సత్రం అరుగు మీద చెల్లెలు పిల్లాణ్ణి ఊరడిస్తోంది. గుండు మీద గంధం ఆరిపోయి పగుళ్ళిచ్చింది. రెండు చెవులకూ బంగారు తీగ. ఏడ్చి ఏడ్చి నిద్రకొస్తున్నాడు.

"ఎవరి ఒళ్ళో?" అని అడిగాను.

"నా ఒళ్ళోనే. నీ కండువా పరిచి దానిమీద కూర్చోబెట్టమన్నారు మీ బావగారు. మేనమామ ఒడే అవుద్దన్నారు." కండువా నా చేతికిచ్చింది. అంచున చిన్న నెత్తుటి చుక్క ఉంది. మడిచి చంకలో పెట్టుకున్నాను, ఎవరికీ కనపడకుండా.

లోపలికి వెళితే పెద్దవాళ్ళందరూ మొదటి బంతిలో కూర్చుని ఉన్నారు. విస్తళ్ళు వేసి నీళ్ళు చల్లి చాలాసేపైనట్టుంది, అంచులు వాడిపోయాయి. ఎవరి విస్తట్లోనూ మెతుకు లేదు. బావగారి కుడిపక్కన ఒక విస్తరి ముందు పీట ఖాళీగా ఉంది.

"కాళ్ళు కడుక్కుని రా బావా," అన్నాడాయన. "మేనమామ లేకుండా వడ్డించొద్దన్నాను. ఇందాకటినుంచీ ముసలాళ్ళు నన్ను తిడుతున్నారు."

నవ్వుతూనే అన్నాడు. వెక్కిరించి ఉంటే నాకు సమాధానం సిద్ధంగా ఉండేది. దారి పొడుగునా కూడబెట్టుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. వెళ్ళి కూర్చున్నాను. పొగలు కక్కే పప్పు మొదట నా విస్తట్లోనే వేశారు. తల ఎత్తకుండా తిన్నాను. ఏం తిన్నానో చెప్పలేను.

ఆ ఇంజనుకు ఏమీ కాలేదు. తర్వాత చాలాకాలం చుక్క ఆయిలు తాగకుండా నడిచింది. మేస్త్రి మాట నిలబెట్టినందుకు షెడ్డులో అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఆ రోజు సాయంత్రం అందరూ మళ్ళీ నా లారీలోనే ఎక్కారు. బావగారు క్యాబిన్లో నా పక్కనే, ఒళ్ళో పిల్లాణ్ణి పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. ముప్ఫైలో తోలాను. గతుకుల దగ్గర సైకిళ్ళు దాటిపోయాయి. బస్సులు దాటిపోయాయి. వెనకనుంచి నవ్వు లేదు, కేక లేదు. గుడివాడ దాకా ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, తొక్కమంటారేమోనని చూశాను.

ఎవరూ అనలేదు.