ఫ్లాపీకి పెట్టిన బొట్టు

మొన్న నా పాత మౌసు మొరాయిస్తే మా మనవరాలు కొత్తది తెచ్చి తగిలించింది. తెర మీద ఓ మూలన, మౌసును కదిలించే ప్రోగ్రాము డ్రైవర్ దానంతటదే వేసుకుంటున్నట్టు చిన్న కబురు కనిపించి, నేను కళ్లజోడు సర్దుకునేలోపే మాయమైంది. ఇంతేనా అన్నాను. ఇంతే అమ్మమ్మా అని తన పని తాను చూసుకుంది. నేను మాత్రం ఆ మౌసు మీద చెయ్యి వేసుకుని మాచర్ల దాకా వెళ్లిపోయాను.

ఎనభైల చివర్లో మాచర్ల దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ ఏడు నాదెండ్లలో మా నాన్న వేసిన పత్తి పురుగు పాలైంది, తమ్ముడి చదువు ఆగేటట్టు ఉంది, అందుచేత ఆడపిల్లను అంత దూరం పంపుతారా అని బుగ్గలు నొక్కుకున్నవాళ్లు కూడా తొందరగానే ఊరుకున్నారు. నేను మాచర్లలో పిన్ని వాళ్లింట్లో ఉండి ఫ్యాక్టరీ బస్సులో వెళ్లివచ్చేదాన్ని. పాలిటెక్నిక్ తర్వాత గుంటూరులో కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం నేర్చుకున్నానని, కొత్తగా కొన్న కంప్యూటర్‌తో పాటు నన్నూ తీసుకున్నారు. అది పనికొస్తే నేనుంటాను, లేకపోతే దాంతో పాటే నేనూ ఇంటికి. మేనేజరు గారు ఈ సంగతి దాచకుండా ముందే చెప్పారు.

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మౌసు తగిలించగానే కదిలేది కాదు. మా యంత్రానికి హార్డ్ డిస్కు కూడా లేదు. పొద్దున్నే పల్చటి ఫ్లాపీ డిస్కు ఒకటి పెట్టి యంత్రాన్ని నిద్ర లేపి, ఆ తర్వాత మౌసు డ్రైవర్ ఉన్న ఫ్లాపీ పెట్టి, నల్లటి తెర మీద ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే, డ్రైవర్ ఎక్కిందని ఒక వాక్యం వచ్చేది. అది వచ్చేదాకా నాకు ఊపిరాడేది కాదు. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి, పల్నాటి కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఫ్లాపీకి కాపీ తీసి పెట్టుకుందామంటే స్టోర్సులో ఖాళీవి లేవన్నారు.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ను ఆఫీసంతా బాబాయి గారనే పిలిచేవాళ్లు. చేత్తో గీత గీస్తే దారం లాగి పట్టినట్టు ఉండేది. తన బల్ల పక్కనే కంప్యూటర్ పెట్టించిన రోజు నుంచీ ఆయన దానికి వీపు పెట్టి, స్టూలు అటు తిప్పుకుని కూర్చునేవారు. నన్ను కసురుకోలేదు గానీ, యంత్రంతో మాత్రం మాటల్లేవు.

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ ఎప్పటిలాగే ఆయన చేతుల మీదే జరిగింది. టీ స్క్వేర్లు, కంపాసులు, ఇంకు పెన్నులు కడిగి, తుడిచి, అన్నింటికీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. నేను నాదెండ్ల వెళ్లాను. సెలవు తర్వాత వచ్చేసరికి కంప్యూటర్‌కు బంతిపూల దండ, మౌసు వీపున బొట్టు. నాకు సంతోషమేసింది. పక్కనున్న డ్రైవర్ ఫ్లాపీ చూడగానే ఆ సంతోషం కాస్తా ఆవిరైంది. దాన్ని కవరులోంచి తీసి, లోపలి రేకు కనిపించే కోలగా ఉన్న సందు ఉంటుందే, వేలు కూడా తగలకూడని చోటు, సరిగ్గా అక్కడే తడి పసుపు రాసి నిండుగా కుంకుమ పెట్టి ఉంది. తుడిచి పెట్టి చూశాను. గరగరమని చప్పుడు, తెర మీద తప్పుందన్న మాట, అంతే.

కంప్యూటర్ అమ్మిన హైదరాబాదు కంపెనీకి ట్రంకు కాల్ చేస్తే ఇంకోటి బస్సులో పంపుతామన్నారు, ఎప్పటికన్నది చెప్పలేదు. కొత్త కన్వేయర్ బెల్టును మోసే స్తంభాల డ్రాయింగు చూడటానికి యజమానులు ఆ వారంలోనే వస్తున్నారు. బాబాయి గారు కావాలనే చేశారని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఆయనకూ వినబడ్డాయి. నా దగ్గరికొచ్చి నిలబడ్డారు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రోజూ పొద్దున్నే నువ్వు ఊపిరి బిగబట్టి పెట్టేది దాన్నే గదమ్మాయ్. అది చానా ముఖ్యమనుకున్నా. అందుకే దానికే ముందు పెట్టా."

అటు తిరిగి కూర్చునే మనిషి నన్ను ఇంతగా గమనించారని అప్పుడే తెలిసింది.

ఆ డ్రాయింగును ఆయన చేత్తోనే గీసి ఇచ్చేయవచ్చు. యజమానులు మెచ్చుకునేవాళ్లే, నేను పెట్టె సర్దుకునేదాన్నే. ఆయన మాత్రం, కంప్యూటర్‌లో బొమ్మ మౌసు లేకుండా అసలు రాదా అని అడిగారు. వస్తుంది గానీ ప్రతి గీత మొదలూ చివరా ఎక్కడో అంకెల్లో కొట్టాలి, లెక్క వేసుకుంటూ కొడితే నా వల్ల కాదు అన్నాను.

"లెక్కదేముంది, నేను చెబుతా. నువ్వు కొట్టు" అని స్టూలు ఇటు తిప్పి, నా పక్కకు జరుపుకుని కూర్చున్నారు.

స్తంభాలన్నీ ఆయన మనసులో అప్పటికే నిలబడి ఉన్నాయి. అడ్డం ఇంత, నిలువు ఇంత అని ఆయన ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతుంటే నేను కొట్టాను. గీత తెర మీద పడ్డప్పుడల్లా చిన్నపిల్లాడిలా ముందుకు వంగి చూసేవారు. యజమానులు వచ్చి చూసి, తలూపి వెళ్లారు. నా ఉద్యోగం నిలిచింది, తమ్ముడు చదువుకున్నాడు. ఇంట్లో ఇవాళ మేం తింటున్న ముద్దలో ఆయన చెప్పిన అంకెలున్నాయని నేననుకుంటాను.

తర్వాత కొత్త డ్రైవర్ వచ్చింది. అది పాతదానికన్నా మెరుగైన రకమట, చెయ్యి కదిలితే చాలు బాణం గుర్తు తెర దాటేంత పరుగు తీసేది. దాన్ని మచ్చిక చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. బాబాయి గారు రోజూ రాగానే "ఏందమ్మాయ్, మీ ఎలక లేచిందా?" అని అడిగేవారు. లేచిందంటేనే తన పెన్సిలు చెక్కుకునేవారు.

మరుసటి దసరాకు నేను ఊరెళ్లలేదు. ఆయన కుంకుమ భరిణె పట్టుకుని కంప్యూటర్ ముందు నిలబడి, ఎక్కడ పెట్టమంటావు అని నన్నడిగారు. అంత పెద్దాయన నన్నలా అడగడం తలచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఇప్పుడు డ్రైవర్ అడక్కుండానే వస్తుంది, మనం నిద్రపోతుంటే అదే కొత్తది వేసుకుంటుంది. మంచిదే, ఆ అవస్థ మా మనవరాలికి వద్దు. కాకపోతే తనకు పని ఆగదు, ఆగదు గనుక పక్కకు స్టూలు జరుపుకుని కూర్చునేవాళ్లూ రారు. నిన్న కొత్త మౌసు వీపున కాస్త కుంకుమ పెట్టాను. ఇదేంటి అమ్మమ్మా అని నవ్వింది. దగ్గరికి రా చెబుతానంటే, కుర్చీ నా పక్కకు లాక్కుంది.