మిడతకి ఆగడం నేర్పిన ఆయమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. స్కూలు బస్సు నడిపేవాడికి ఓర్పు ఉండాలట! బస్సు నిండా పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే నా సీట్లో ఒక్కపూట కూర్చుని చూడండి, అప్పుడు మాట్లాడదాం.

మా బస్సు ఆయమ్మ మాత్రం గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. సన్నటి మనిషి, భుజం మీద తువ్వాలు, చేతిలో నీళ్ళ సీసా. "కూర్చోండ్రా!" అని నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటే, ఆవిడ వెళ్ళి ఒకడి చెవిలో ఏదో అనేది, వాడు బుద్ధిగా కూర్చునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి అడిగేశాను. "అక్కా, రెండు తగిలిస్తే పోయేదానికి ఈ బుజ్జగింపులేంటి?"

"మా అమ్మ మిల్లుకి పోతే తమ్ముళ్ళని నేనే చూసుకునేదాన్ని తమ్ముడూ," అంది. "ఒకటే గది, అందులోనే మండే పొయ్యి. చిన్నోణ్ణి కొడితే నేనున్నంతసేపూ పొయ్యికి దూరంగా ఉండేవాడు. నీళ్ళకని నేను బయటికెళ్తే? అప్పుడు వాణ్ణి ఎవరాపాలి? అందుకని వాడి నోటితోనే వాడికి చెప్పించేదాన్ని. 'ఇది వేడి, నేను ఇటు నుంచి పోతాను' అని పైకి అంటూ నడిచేవాడు."

విన్నాను గానీ, నమ్మితే ఒట్టు.

అప్పుడొచ్చి పడింది మిడత. ఆరేళ్ళ పిల్ల, ఆ పేరు నేనే పెట్టాను. ఈ సీటు మీంచి ఆ సీటు మీదకి గెంతడం, బస్సు పూర్తిగా ఆగకుండానే కిందకి ఉరకడం. చివరికి పెద్ద టీచరమ్మ చెప్పేసింది, ఇంకొక్క ఫిర్యాదొస్తే బస్సులో చోటు లేదని. వాళ్ళమ్మ ఆసుపత్రిలో బట్టలుతికే చోట పని చేస్తుంది, తెల్లారకముందే వెళ్ళాలి. తండ్రి లేడు. పొద్దున ఎక్కించేదీ సాయంత్రం దించుకునేదీ పక్కింటి ముసలావిడ. ఆవిడ వీధి చివరికి రావడమే గొప్ప. బస్సు పోతే ఆ పిల్లకి బడి పోయినట్టే.

ఆయమ్మ ఏం చేసిందో తెలుసా? బస్సు కదలాలంటే మిడత "రైట్" అనాలంది!

"నా స్టీరింగు తీసుకెళ్ళి ఆ మిడత చేతిలో పెడతావా?" అని ఎగిరాను.

"స్టీరింగు నీదే. చూసే పని దానిది," అంది.

మొదటిరోజు, సగం మంది నిలబడే ఉన్నారు, "రైట్ రైట్ రైట్!" అని గంతులేసింది. ఆయమ్మ నవ్వి, "ఏం చూశావో పైకి చెప్పు తల్లీ," అంది. ఇక మొదలు. "ముందు సీటు వాళ్ళు కూర్చున్నారు. ఎర్ర బ్యాగు దారిలో ఉంది, తియ్యాలి. తలుపు పడింది. ఇప్పుడు రైట్." ప్రతి స్టాపులోనూ ఈ పురాణమే. రోజూ ఆలస్యం, స్కూల్లో నాకు చీవాట్లు. మిడత కూడా మధ్యలో రెండుమూడుసార్లు గాడి తప్పింది. ఆయమ్మ ఫిర్యాదు వెళ్ళనిచ్చేది కాదు, మళ్ళీ మొదటినుంచి చెప్పించేది.

పోనుపోను ఆ గొంతు తగ్గింది. అరుపు కాస్తా గొణుగుడైంది. ఒకరోజు అద్దంలో చూస్తే పెదాలు మాత్రం కదులుతున్నాయి, మాట బయటికి లేదు. కళ్ళు ఒక్కో సీటూ తడుముతున్నాయి. అబ్బ, ఆయమ్మ చెప్పించిన మాటలు పిల్ల లోపలికి వెళ్ళి కూర్చున్నాయి!

ఇంతలో ఆ సాయంత్రం వచ్చింది. మిడత స్టాపులో ఆపాను. ఆయమ్మ తలుపు తీసి దిగబోతుంటే వెనక సీట్లో ఎవడో వాంతి చేసుకున్నాడు. ఆవిడ అటు పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే రోడ్డుకి అటువైపు నుంచి "చిట్టీ!" అని కేక. వాళ్ళమ్మ. ఎప్పుడూ రాని మనిషి, ఆ రోజు పని త్వరగా అయినట్టుంది, రెండు చేతులూ చాచి నిలబడింది. మిడత ఒక్క దూకు దూకి బస్సు ముందు నుంచి పరుగు తీసింది.

పక్క అద్దంలో లారీ. మమ్మల్ని దాటెయ్యాలని వెనక నుంచి దూసుకొస్తోంది. బస్సు అడ్డం, పిల్లకి అది కనబడదు. తల్లి కళ్ళేమో పిల్ల మీదే ఉన్నాయి. అరవడానికే పుట్టిన నా గొంతు ఆ క్షణాన పెగల్లేదు. హారన్ మీదకి చెయ్యి పోలేదు.

బస్సు ముందు మూల, హెడ్‌లైటు మీద చెయ్యేసి పిల్ల ఆగింది. అటువైపు తల్లి పిలుస్తోంది. పిల్ల ఒళ్ళంతా ముందుకే లాగుతోంది, మడమలు లేస్తున్నాయి. ముందు అద్దంలోంచి నాకు ఆ పెదాలు కనబడుతున్నాయి, కదులుతున్నాయి. లారీ పోయింది. గాలికి గౌను ఎగిరింది. అప్పుడు కూడా పరిగెత్తలేదు. వెనక్కొచ్చి తలుపు దగ్గర నిలబడింది, ఆయమ్మ కోసం.

ఆయమ్మ చేతులు తుడుచుకుంటూ దిగి, పిల్లని దాటించి, తల్లికప్పగించి వచ్చింది. ఆవిడ ఏమీ చూడలేదు. నేను స్టీరింగు మీద తల వాల్చేశాను.

"ఏంటి తమ్ముడూ, ఆ చెమటలు? మిడత ఏం చేసింది మళ్ళీ?"

చెప్పబోతే ఏడుపొచ్చింది. లారీ పోయిన వైపు చెయ్యి చూపించాను.

"ఏమీ చెయ్యలేదక్కా," అన్నాను. "లారీ వస్తుంటే వాళ్ళమ్మ పిలిచింది. అయినా ఆగింది."

ఆయమ్మ లారీ పోయిన వైపు చూసింది, నా వైపు చూసింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని మెట్టు మీదే కూలబడింది.